గ్రౌండ్ చిన్నది, పీరియడ్ 50 నిమిషాలు

కాలేజీ వ్యాయామం, పోలీసు ఈవెంట్స్ (ఉద్యోగానికి పెట్టే శారీరక పరీక్షలు), హాస్టల్ తిండి గురించి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే సంగతి మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒకటిగా వేశాం. పేర్లు వేయలేదు.

ప్రశ్న: ప్రొద్దుటూరు దగ్గర డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పీరియడ్‌కి 60 మంది వస్తారు. మాకున్నది ఒక కబడ్డీ కోర్టు, ఒక వాలీబాల్ కోర్టు, రెండు బంతులు. పద్నాలుగు మంది ఆడుతుంటే మిగతావాళ్ళు చెట్టు కింద ఫోన్లు చూసుకుంటారు. 50 నిమిషాల్లో అందరికీ చెమట పట్టించడం అయ్యే పనేనా?

జవాబు: అవుతుంది. కాకపోతే ఆటతో మొదలుపెడితే కాదు. ముందు చోటు లెక్క చూసుకోండి. చేతులు చాచి, వంగి లేవడానికి మనిషికి 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు కావాలి. 60 మందికి 240 చదరపు మీటర్లు. మగపిల్లల కబడ్డీ కోర్టు 13 మీటర్లకు 10, అంటే 130. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9, అంటే 162. రెండూ కలిపితే 292. మీకు చోటు చాలకపోవడం లేదు. అందరూ ఒకే బంతి కోసం చూడటం వల్ల చాలనట్టు కనబడుతోంది.

పదేసి మంది చొప్పున ఆరు జట్లు చేయండి. మూడు జట్లు కబడ్డీ కోర్టులో, మూడు వాలీబాల్ కోర్టులో. ఒక్కో జట్టుకి ఒక లీడర్. హాజరు లీడరే వేసి చీటీ ఇవ్వాలి. 60 పేర్లు మీరే పిలుస్తూ కూర్చుంటే అక్కడే ఏడెనిమిది నిమిషాలు పోతాయి. పీరియడ్‌ను ఇలా కోసుకోండి: హాజరుకి 5 నిమిషాలు, ఒళ్ళు వేడెక్కడానికి 7, స్టేషన్లకు (ఒక్కో చోట ఒక్కో వ్యాయామం) 18, ఆటకు 15, చివర ఒళ్ళు చల్లబడటానికి 5.

స్టేషన్లు ఆరు: బస్కీలు, దండీలు, ఉన్నచోటనే మోకాళ్ళు నడుము ఎత్తుకు లేపుతూ పరుగు, ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ళ మీద ఒళ్ళు బల్లలా నిటారుగా నిలపడం), వాలీబాల్ కోర్టు వెడల్పున 9 మీటర్లు అటూ ఇటూ షటిల్ పరుగు, వరండా మెట్టు ఎక్కి దిగడం. ఒక్కోదాని దగ్గర 40 సెకన్లు చేసి 20 సెకన్లు ఆగడం, అదే మళ్ళీ ఇంకోసారి. మూడో నిమిషం పక్క స్టేషన్‌కి మారడానికి. ఇంతమంది ఉన్నప్పుడు ఆ మారే నిమిషమే పాడయ్యేది. రెండు విజిళ్ళు పెట్టుకోండి: పొడుగు విజిల్‌కి మారాలి, పొట్టి విజిల్‌కి మొదలుపెట్టాలి. జట్లు ఎప్పుడూ ఒకే దిక్కుకి తిరగాలి. మొదటి రెండు వారాలు గందరగోళంగానే ఉంటుంది, అది చూసి మానేయకండి.

సంఖ్య కంటే తీరు చూడండి. బస్కీల్లో మోకాళ్ళు లోపలికి వాలిపోవడం, మడమలు లేవడం ఎక్కువగా కనిపిస్తాయి. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, వేళ్ళు కొంచెం బయటికి తిప్పి, వెనక కుర్చీ ఉందనుకుని కూర్చోమంటే చాలామందికి సర్దుకుంటుంది. దండీల్లో మోచేతులు భుజాలకు సూటిగా పక్కకి పోకూడదు, ఒంటికి సుమారు 45 డిగ్రీల్లో ఉండాలి. నేల మీద ఐదు కూడా తీయలేనివాళ్ళను నవ్వులపాలు చేయకుండా వరండా గట్టు మీద చేతులు పెట్టి చేయించండి. గట్టు ఎంత ఎత్తుంటే అంత సులువు. ప్లాంక్‌లో నడుము కిందికి జారిందంటే అక్కడితో ఆపించాలి. ఆ తర్వాత పనిచేసేది పొట్ట కాదు, నడుము పట్టే.

వేడెక్కడంలో వంగి కాలివేళ్ళు పట్టుకుని 30 సెకన్లు ఆగే సాగదీతలు వద్దు. వాటి చోటు చివరి 5 నిమిషాల్లో. మొదట్లో కదులుతూ చేసేవే కావాలి: వడి నడక, కాలు ముందుకూ వెనక్కూ ఊపడం, చేతులు గుండ్రంగా తిప్పడం, నెమ్మది పరుగు.

ఆట వేళకి వాలీబాల్ కోర్టు మధ్యలో, నెట్‌కి అడ్డంగా, 18 మీటర్ల పొడవునా ఒక గీత గీయండి. నెట్ వెంబడి పక్కపక్కనే రెండు చిన్న కోర్టులొస్తాయి, ఒక్కోటి నాలుగున్నర మీటర్ల వెడల్పు. జట్టుకి నలుగురు చొప్పున 16 మంది, రెండు బంతులూ సరిపోతాయి. కబడ్డీకి 14 మంది. మొత్తం 30. ఆట ఏడేసి నిమిషాల రెండు విడతలు. మిగతా 30 మంది మొదటి ఏడు నిమిషాలూ కాంపౌండ్ గోడ వెంట వడిగా నడవాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. తర్వాత విజిల్, మార్పిడి. ఫోన్లన్నీ లీడర్ దగ్గర ఒక సంచిలో.

ఏడాది మొదట్లో ప్రతి ఒక్కరి చేత ఐదు ప్రశ్నల చీటీ నింపించుకోండి. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా ఛాతీ నొప్పి వచ్చిందా, కళ్ళు తిరిగి పడిపోయావా, ఆస్తమా ఉందా, ఆరు నెలల్లో ఆపరేషన్ అయిందా, ఇంట్లో ఎవరైనా 50 ఏళ్ళలోపు హఠాత్తుగా గుండె ఆగి పోయారా. మొదటి రెండింటికీ చివరిదానికీ ‘అవును’ అంటే డాక్టరు చూసి సరేననే దాకా ఆ పిల్లవాడికి నడకే. ఆస్తమా ఉన్నవాళ్ళ ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, హాస్టల్ గదిలో ఉంటే లాభం లేదు.

ఎదుగుదల కొలవాలంటే క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్ట్ పెట్టండి. 41.3 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల కావాలి, వరండా మెట్టు సరిపోదు. వడ్రంగి చేత పొడుగు బల్ల చేయిస్తే ఒకేసారి ఐదుగురు ఎక్కొచ్చు. మగపిల్లలు నిమిషానికి 24 సార్లు, ఆడపిల్లలు 22 సార్లు, 3 నిమిషాలు ఎక్కి దిగాలి. ఎక్కి దిగడానికి నాలుగు అడుగులు కాబట్టి ఫోన్‌లో మెట్రోనోమ్‌ను, అంటే తాళం కొట్టే యాప్‌ను, నిమిషానికి 96కీ, 88కీ పెట్టుకోండి. ఆగిన 5వ సెకను నుంచి 20వ సెకను దాకా నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. మగపిల్లలకి ఆ సంఖ్యను 0.42తో గుణించి 111.33లోంచి తీసేయాలి. ఆడపిల్లలకి 0.1847తో గుణించి 65.81లోంచి తీసేయాలి. వచ్చేది ఒంటి కిలోకి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడగలరన్న అంచనా. నాడి 160 ఉన్న కుర్రాడికి 44 వస్తుంది, 168 ఉన్న అమ్మాయికి సుమారు 35. ఇది అంచనాయే కాబట్టి నోటీసు బోర్డు మీద ర్యాంకులు కట్టొద్దు. ఎనిమిది వారాల తర్వాత అదే పిల్లవాడి నాడి తగ్గిందా లేదా చూసుకోండి, అంతే.

ఇంకొక్క మాట. ఆలస్యంగా వచ్చినందుకు గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు అనే శిక్ష మానేయండి. పరుగును శిక్షగా నేర్చుకున్నవాడు పీరియడ్ అయ్యాక తనంతట తాను ఎందుకు పరిగెత్తుతాడు?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రెండు వారాలుగా సిమెంట్ రోడ్డు మీద రోజూ 5 కిలోమీటర్లు కొడుతున్నాను. 1600 మీటర్లకు 9 నిమిషాలు పడుతోంది. మూడో రౌండుకే దమ్ము పోతుంది. ఇప్పుడు మోకాలి కింద ముందరి ఎముక లోపలి అంచున నొప్పి. కట్టు కట్టుకుని పరిగెత్తొచ్చా?

జవాబు: ముందు నొప్పి సంగతి. ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కుతూ కిందికి రండి. నాలుగైదు వేళ్ళ మేర పరుచుకున్నట్టు నొప్పి ఉండి, పరుగు మొదట్లో ఎక్కువై, ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంటే అది షిన్ స్ప్లింట్స్. ఒక్క వేలు పెట్టినంత చోటే చురుక్కుమంటూ, ఒంటికాలి మీద గెంతితే పొడుచుకొస్తూ, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నని చీలిక వచ్చిందని అనుమానించాలి. అప్పుడు పరుగు ఆపి ఎముకల డాక్టర్ని కలవండి. ఈ చీలిక మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది, పరిగెత్తు’ అని ఫ్రెండ్స్ చెబితే వినకండి.

మొదటి రకమైతే రెండు వారాలు పరుగు మాని సైకిల్ తొక్కండి. ఐస్‌ను గుడ్డలో చుట్టి 10–15 నిమిషాలు పెట్టొచ్చు, నేరుగా చర్మం మీద వద్దు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు లేపి దించడం 15 సార్లు, మూడు విడతలు. ఒకసారి మోకాలు నిటారుగా, ఇంకోసారి కొంచెం వంచి, ఎందుకంటే పిక్కలో రెండు కండరాలున్నాయి. కట్టు నొప్పిని కప్పుతుంది, కారణాన్ని తీయదు. కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి: సున్నా నుంచి ఒక్కసారిగా వారానికి 35 కిలోమీటర్లు, అదీ సిమెంటు మీద. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక కాలి మీద బరువు ఎక్కువ పడుతుంది. చెరువు కట్ట, మట్టి బాట, కాలేజీ గ్రౌండ్, ఏదైనా మేలే. బూట్లు కూడా చూసుకోండి. 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగేసరికి అడుగు నురుగు చచ్చిపోతుంది, పైకి కొత్తగానే కనిపిస్తాయి.

ఇక దమ్ము. ఇదివరకటి నోటిఫికేషన్ల లెక్కన 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు. మీకు వర్తించేది కొత్త నోటిఫికేషన్‌లో చూసుకోండి. 8 నిమిషాలంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకి 2 నిమిషాలు. మూడో రౌండులో ఆగిపోతున్నారంటే మొదటి రౌండు ఒకటిన్నర నిమిషంలో కొట్టేసి ఉంటారు. లక్ష్యం 7 నిమిషాల 39 సెకన్లు పెట్టుకోండి: మొదటి రౌండు 1:55, తర్వాత రెండూ 1:57 చొప్పున, చివరిది 1:50. ఆ 21 సెకన్ల మిగులు ఎందుకంటే గుంపులో పరిగెత్తేటప్పుడు లోపలి లేన్ దొరకదు. రెండో లేన్‌లో ఒక్కో రౌండు 7 మీటర్లకు పైగా ఎక్కువ. నాలుగు రౌండ్లకు ఎనిమిది తొమ్మిది సెకన్లు పోయినట్టే. ఎనిమిదో లేన్‌లో అయితే రౌండే సుమారు 453 మీటర్లు. మలుపులో ఎవరినీ దాటొద్దు, నేరుగా ఉన్న చోట దాటండి.

నొప్పి తగ్గాక వారానికి నాలుగు రోజులు చాలు. సోమవారం 25 నిమిషాలు మాట్లాడగలిగే వేగంలో. బుధవారం 400 మీటర్ల ముక్కలు, మధ్యలో 2 నిమిషాల నడక: మొదటి రెండు వారాలు 2:05లో నాలుగు, తర్వాత రెండు వారాలు 2:00లో ఐదు, ఆ తర్వాత 1:55లో ఆరు. శుక్రవారం 20 నిమిషాలు నెమ్మదిగా, చివర అంగలు చాచి కొంచెం వేగంగా 80 మీటర్ల పరుగులు ఆరు. ఆదివారం 5 కిలోమీటర్లు నెమ్మదిగా. మొత్తం దూరం వారానికి పదో వంతుకి మించి పెంచొద్దు, నాలుగో వారం కొంచెం తగ్గించండి. 1600 పూర్తిగా టైం పెట్టి రెండు వారాలకోసారి కొడితే చాలు. రోజూ పరీక్ష రాసేవాడికి చదువుకునే టైం ఎక్కడిది.

ప్రశ్న: ఆదోని ప్రాంతంలో మా కాలేజీ వెనక నల్లరేగడి నేల ఉంది. 200 మీటర్ల ట్రాక్ వేయాలని యాజమాన్యం ఒప్పుకుంది. సున్నం గీతలు, కొలతలు ఎలా? ఎంత స్థలం కావాలి?

జవాబు: కొలతల కంటే ముందు నేల. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలో కాలు పడితే చీలమండ మెలిక పడుతుంది. కాబట్టి ట్రాక్ మేర పైన 75 మిల్లీమీటర్ల మందాన గరుసు పరిచి, నీళ్ళు చల్లి, రోలర్ తొక్కించాలి. నాలుగు లేన్ల ట్రాక్ సుమారు 1,050 చదరపు మీటర్లు వస్తుంది. దానికి 80 ఘనపు మీటర్ల గరుసు, తొక్కితే అణిగిపోతుంది కాబట్టి 100 తెప్పించండి. ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పడితే 33, 34 ట్రిప్పులు. లోపలి వైపు వాలు మీటరుకి ఒక సెంటీమీటరు మించొద్దు. నీళ్ళు పోవడానికి లోపల చిన్న కాలువ తీయించండి. ఇది చేయకుండా సున్నం గీతలు మాత్రం గీస్తే మొదటి వానకే ట్రాక్ బురదలో కలుస్తుంది.

ఇక గీత. నేరు భాగాలు రెండూ 40 మీటర్ల చొప్పున 80. మిగిలిన 120 మీటర్లు రెండు అర్ధవృత్తాలు. పరుగు కొలిచే వ్యాసార్ధం, వ్యాయామ విద్య పుస్తకాల్లో ఆర్‌డీఆర్ అనేది, 19.10 మీటర్లు. గట్టు లేకుండా గీత మాత్రమే ఉన్నప్పుడు మొదటి లేన్ దూరాన్ని గీతకి 20 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. అందుకని గీత గీసే వ్యాసార్ధం 18.90. ఎత్తయిన గట్టు కడితే 30 సెంటీమీటర్లు తీసి 18.80 పెట్టుకోవాలి. చాలాచోట్ల తప్పేది ఇక్కడే: గీతనే 19.10 మీద గీసేస్తారు, అప్పుడు రౌండు ఒక మీటరుకు పైగా పెరుగుతుంది.

మైదానం మధ్య గీత మీద 40 మీటర్ల దూరంలో రెండు ఇనుప మేకులు పాతండి. ఒక్కో మేకు దగ్గర లంబకోణం తీయాలి: 6, 8, 10 మీటర్ల త్రిభుజం వేస్తే కోణం దానంతటదే వస్తుంది. ఆ లంబాల మీద రెండు వైపులా 18.90 దగ్గర గుర్తులు. నాలుగు గుర్తులూ కలిపితే 40 మీటర్లకు 37.80 మీటర్ల దీర్ఘ చతురస్రం. దాని కర్ణాలు రెండూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, 55.03 మీటర్లు రావాలి. రెండూ సమానంగా రాకపోతే కోణం తప్పింది, మళ్ళీ వేయండి. తర్వాత మేకుకి స్టీల్ టేపు తగిలించి అర్ధవృత్తం తిప్పండి. కొబ్బరి తాడు, నూలు తాడు లాగేకొద్దీ సాగుతాయి, వాడొద్దు. గీసిన వంపు పొడవు 59.38 మీటర్లు ఉండాలి. పది సెంటీమీటర్లు వ్యాసార్ధంలో తేడా వస్తే రౌండులో 63 సెంటీమీటర్లు, 1600కి ఎనిమిది రౌండ్లు కాబట్టి 5 మీటర్లు తేడా.

లేన్ వెడల్పు 1.22 మీటర్లు. నాలుగు లేన్లకు బయటి కొలత పొడవు 87.56, వెడల్పు 47.56 మీటర్లు. చుట్టూ ఆగడానికి చోటు కలిపి 92 మీటర్లకు 52 ఉంటే నిశ్చింత. లేన్లలో ఒక రౌండు పరుగు పెడితే రెండో లేన్‌వాళ్ళు 7.67 మీటర్లు, మూడో లేన్ 15.33, నాలుగో లేన్ 23 మీటర్లు ముందు నిలబడాలి. 400 మీటర్ల ట్రాక్‌కి పుస్తకాల్లో కనిపించే 7.04 అనే అంకె మొదటి లేన్‌కి గట్టు ఉన్నప్పటిది, మీకు వర్తించదు.

గీతలకు ముగ్గుపిండి వాడండి. కాలిన సున్నం పొడి చెమట తగిలినా, కంట్లో పడినా కాల్చేస్తుంది.

ప్రశ్న: కర్నూలు హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాను. గ్రౌండ్‌కి వెళ్ళాలంటే ఇబ్బంది, మేడ మీద చోటుంది. రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది మేడమ్. నెలసరిలో చేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మెట్లెక్కితే ఆయాసం, అరచేతులు పాలిపోవడం, కళ్ళు తిరగడం ఉంటే వ్యాయామం లేకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఆడపిల్లలకు 12 గ్రాములకు తక్కువుంటే రక్తహీనత. ఐరన్ మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి. టీ, కాఫీ ఆ మాత్రకీ, అన్నానికీ గంట ఎడంగా ఉండాలి. జామకాయో నిమ్మరసమో కలిస్తే ఐరన్ బాగా ఒంటబడుతుంది. కర్నూలులో జామకాయల బండ్లకి కొదవలేదు.

మేడ మీద స్కిప్పింగ్ వద్దు, కింది గదివాళ్ళతో రోజూ గొడవే. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 25 నిమిషాలు చాలు. కుర్చీ మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం 10 సార్లు. పిట్టగోడకు చేతులు ఆనించి దండీలు 8. ముందు గోడ గట్టిదో కాదో తోసి చూసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము లేపడం 12. పుస్తకాల బ్యాగు ఐదు కిలోలు తూకం వేసుకుని, నడుము దగ్గర వంగి, దాన్ని పొట్ట వైపు లాగడం చేతికి 10. ప్లాంక్ 20 సెకన్లు. ఇదంతా ఒక విడత, మూడు విడతలు చేయండి, మధ్యలో ఒకటిన్నర నిమిషం ఆగండి. చివరికొచ్చేసరికి ‘ఇంకో రెండు తీయగలను’ అనిపించాలి. ఇంకో ఐదు తీయగలననిపిస్తే బరువు పెంచే రోజొచ్చింది: రెండు లీటర్ల నీళ్ళ సీసా బ్యాగులో వేస్తే రెండు కిలోలు పెరిగినట్టే. మిగతా రోజుల్లో 30 నిమిషాల వడి నడక.

నెలసరిలో చేయొచ్చు, ప్రమాదమేమీ లేదు. నొప్పి ఎక్కువుంటే ఆ రోజు నడకతో సరిపెట్టండి. తిండి బాగా తగ్గించి వ్యాయామం పెంచాక మూడు నెలలు నెలసరి రాకపోతే మాత్రం ఆడవాళ్ళ డాక్టర్‌కి చూపించుకోవాలి. బట్టల సంగతి: చున్నీ అడ్డంగా కట్టుకుని వంగితే కాలికి తగులుకుంటుంది. వదులు టీషర్టు, లోపల గట్టి స్పోర్ట్స్ బ్రా చాలు.

ప్రశ్న: కడపలో జిమ్‌కి వెళ్తున్నాను, బరువు 60 కిలోలు. ప్రోటీన్ పౌడర్ లేకుంటే కండ రాదని జిమ్ అన్న అంటున్నాడు. హాస్టల్ తిండి, ఇంటికెళ్తే రాగి సంగటి. ఏం చేయాలి?

జవాబు: బరువులెత్తేవాళ్ళకు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. మీకు 72 నుంచి 96 గ్రాములు. రోజు మొత్తానికి 300 గ్రాముల బియ్యంలో 22 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11, పెరుగు చిన్న గిన్నెడు 6, గుడ్డు ఒకటి 6, గుప్పెడు చెనిక్కాయల్లో, అంటే 50 గ్రాముల్లో, 12, 50 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్ళలో 10, గ్లాసు పాలు 8. మొత్తం 75. ఇంకో రెండు గుడ్లు కలిపితే 87. పౌడర్ డబ్బుతో నెలంతా గుడ్లూ చెనిక్కాయలూ కొనొచ్చు. హాస్టళ్ళలో అసలు లోటు మధ్యాహ్నం పప్పు నీళ్ళగా ఉండటం. గరిటె అడుగు నుంచి తిప్పి వేయమని అడగడానికి మొహమాటపడకండి.

సంగటి గురించి మన దగ్గర కొంచెం ఎక్కువే చెప్పుకుంటాం. 100 గ్రాముల రాగిపిండిలో ప్రోటీన్ 7 గ్రాములే, ఇంచుమించు బియ్యమంత. రాగి గొప్ప కాల్షియంలో, 300 మిల్లీగ్రాములకు పైనే. కాబట్టి సంగటి ముద్ద మానొద్దు, పక్కన పప్పో కోడికూరో చెనిక్కాయల ఊరిబిండో ఉండాలి. ఉగ్గాని బజ్జీ తిని జిమ్‌కి వెళ్తే మాత్రం బజ్జీ నూనె అరగక కడుపు బరువెక్కుతుంది. ఉగ్గాని చాలు, బజ్జీ ఆదివారానికి.

పౌడర్ కొనాలనే ఉంటే డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు ఉందో లేదో చూసుకోండి. బిల్లు లేకుండా, సీలు తీసి సంచుల్లో పోసి అమ్మేది వద్దు. ఇంజెక్షన్ మాట ఎవరు ఎత్తినా ఆ జిమ్ మార్చేయండి.

ప్రశ్న: అనంతపురంలో మేం విద్యార్థులం కలిసి సాయంత్రం నాలుగింటికి ఫుట్‌బాల్ ఆడుతున్నాం. ఏప్రిల్‌లో ఒకతను తూలి పడిపోయాడు. నీళ్ళు తాగించాం, లేచాడు. మళ్ళీ అలా జరిగితే?

జవాబు: ఏప్రిల్, మే నెలల్లో నాలుగింటికి ఆడొద్దు. పొద్దున 5:30కి మొదలుపెట్టి 7 లోపు ముగించండి. అనంతపురం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఎంత పోయిందో తెలియదు. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనబడితే అర్థం చేసుకోండి. ఆటకు ముందూ వెనకా బరువు తూగండి: కిలో తగ్గితే లీటరు నీరు పోయింది, తర్వాతి గంటల్లో లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా తాగాలి. ఉప్పు మజ్జిగ బాగా పనిచేస్తుంది. ఓఆర్ఎస్ దొరకనప్పుడు లీటరు నీటికి ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు ఎక్కువేస్తే ప్రమాదం, కొలిచి వేయండి. సెలవుల తర్వాత వచ్చినవాళ్ళు మొదటి రోజే పూర్తి ఆట ఆడకూడదు. ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది.

తూలి పడ్డవాడు మిమ్మల్ని గుర్తుపట్టి, పేరు చెప్పి, సరిగ్గా మాట్లాడుతుంటే నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టి నీళ్ళివ్వండి. మాట తడబడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకున్నా, పిచ్చిగా కొట్టుకుంటున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని వదిలేయకండి, ఆటలో వచ్చే వడదెబ్బలో చెమట ఉండొచ్చు. నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా చల్లబరచాలి: చొక్కా, బూట్లు తీసి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ అట్టముక్కలతో విసరండి, మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టండి. గ్రౌండ్ పక్కన రెండు బకెట్ల నీళ్ళు, ఒక మగ్గు ఆట మొదలు కాకముందే ఉండాలి. బరువు తగ్గుతుందని ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని ఎండలో పరిగెత్తేవాళ్ళు మీలో ఉంటే ఆపించండి. తగ్గేది నీరే, సాయంత్రానికి మళ్ళీ వచ్చేస్తుంది.

ప్రశ్న: ఎత్తు 167 సెంటీమీటర్లు, వయసు 21. పోలీసు సెలక్షన్‌కి 167.6 కావాలి. రోజూ కమ్మీ పట్టుకుని వేలాడితే పెరుగుతానా? (గుత్తి)

జవాబు: ఎముకలు పెరగవు, ఆ వయసు దాటింది. అయితే వెన్నుపూసల మధ్య మెత్తటి పళ్ళేలు పగలంతా బరువుకి నలిగి, రాత్రి పడుకుంటే మళ్ళీ నీరు పీల్చుకుంటాయి. అందుకే మనిషి పొద్దున లేచినప్పుడు సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు దాకా పొడుగుంటాడు. ఆ తేడాలో ఎక్కువ భాగం లేచిన మొదటి గంటలోనే పోతుంది. మీ 167 ఎప్పుడు కొలిచింది? సాయంత్రమైతే ఆశ ఉంది. కొలత రోజు ముందు రాత్రి బస్సులో కూర్చుని ప్రయాణం చేయకుండా ముందురోజే ఆ ఊరు చేరి బాగా నిద్రపోండి. క్యూలో గంటలు నిలబడాల్సి వస్తే వీలున్న చోట పడుకోండి, బ్యాగు భుజాన మోయొద్దు. కొలిచేటప్పుడు మడమలు, పిర్రలు, భుజాలు గోడకు ఆనించి, గడ్డం పైకెత్తకుండా చూపు నేరుగా పెట్టండి. గడ్డం ఎత్తితే నడినెత్తి వెనక్కి జారి నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గుతాయి, మీకు కావలసింది 6 మిల్లీమీటర్లే.